క్లైవ్ సరే, ఏ క్లైవ్? హిస్టరీ ఆఫ్ పార్లమెంట్ సైటు మీద గుంటూరు, బెజవాడ పాఠకుల కోసం రివ్యూ

గుంటూరు జమీందారీల గురించి చదివేవాళ్ళకి 1802 దగ్గర ఒక పేరు తగులుతుంది: లార్డ్ క్లైవ్, మద్రాసు గవర్నరు. వాసిరెడ్డి, మల్రాజు వంటి కుటుంబాలకు శాశ్వత పేష్కష్ (జమీందారు ఏటా సర్కారుకు కట్టాల్సిన సొమ్ము) ఖరారు చేసిన 1802 నాటి 25వ రెగ్యులేషను ఆయన హయాంలో వచ్చిందే. ప్లాసీ క్లైవే ఇతను అనుకుంటే అక్కడే బోర్లా పడతాం. ప్లాసీలో గెలిచిన రాబర్ట్ క్లైవ్ 1774 నవంబరులోనే పోయాడు. 1802లో గవర్నరుగా ఉన్నది ఆయన పెద్దకొడుకు ఎడ్వర్డ్ క్లైవ్. కత్తి పట్టి పైకొచ్చినవాడూ కాదు, కంపెనీలో గుమాస్తాగా చేరి ఎదిగినవాడూ కాదు. ఇంగ్లండుకు పడమటి అంచున వేల్స్‌ని ఆనుకుని ఉన్న ష్రాప్‌షైర్‌లో పెద్ద భూస్వామి, లడ్లో పట్నం నుంచి ఇరవై ఏళ్ళు పార్లమెంటు సభ్యుడు. మన భూముల లెక్క తేల్చిన మనిషికి అంతకు ముందు భూమితో ఉన్న అనుభవమంతా ఇంగ్లీషు ఎస్టేటు అనుభవమే.

అలాంటి మనిషి జీవితం ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవాలంటే మొదట తెరవాల్సింది హిస్టరీ ఆఫ్ పార్లమెంట్ వాళ్ళ సైటు. లాగిన్ లేదు, చందా లేదు, యాప్ లేదు. పూర్తయిన సెట్ల కాలాల్లో దిగువసభలో కూర్చున్న ప్రతి సభ్యుడికీ ఒక పేజీ, ప్రతి నియోజకవర్గానికీ ఒక పేజీ. జార్జ్ పేరుతో వరసగా ఏలిన నలుగురు రాజుల కాలం 1714 నుంచి 1830 దాకా. దానికి నాలుగు సెట్లు సరిపోతాయి: 1715-54, 1754-90, 1790-1820, 1820-32. అచ్చులో ఇవి వరసగా 2, 3, 5, 7 వాల్యూములు, మొత్తం 17. ఏలూరు రోడ్డు పాత పుస్తకాల షాపుల్లో ఇవి దొరుకుతాయని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు. సైటులో ఉన్నది అదే మేటరు.

వాడకం తెలిస్తే ఇది బంగారం. తెలియకపోతే రెండు పేజీలు చదివి మూసేస్తారు, ఎందుకంటే ఇందులో కథ చెప్పే అలవాటు లేదు. అడంగల్ చదివినట్టు చదవాలి: ఏ గడిలో ఏముంది, ఏ గడి ఖాళీగా ఉంది, ఎందుకు ఖాళీగా ఉంది.

పేరు కొట్టి వెతకడం అందరూ చేసే పని. అది రెండో మెట్టు. మొదటి మెట్టు నియోజకవర్గం. రీసెర్చ్ అన్న మెనూలో మెంబర్స్, కాన్‌స్టిట్యుయెన్సీస్ అని విడివిడిగా ఉంటాయి. కాన్‌స్టిట్యుయెన్సీస్‌లోకి వెళ్ళి 1754-90 ఎంచుకుని లడ్లో తెరవండి. పైన ఓటు ఎవరికుందో రాసి ఉంటుంది, దాని కింద ఓటర్ల అంచనా, దాని కింద తేదీల వారీగా ఎన్నికలు, పోటీ చేసినవాళ్ళు, పడిన ఓట్లు. ఇంగ్లీషు పట్నాల్లో ఎక్కువ భాగానికి ఇద్దరేసి సభ్యులు. కౌంటీలకూ ఇద్దరే. ఒక ఎన్నిక కింద ఇద్దరి పేర్లే ఉండి పక్కన అంకెలు లేకపోతే పోటీ జరగలేదని లెక్క. ఏకగ్రీవం అన్నమాట. అయితే ఇక్కడి ఏకగ్రీవానికి ప్రజాభిమానంతో పని లేదు. ఓటు బహిరంగంగా వేయాలి, రహస్య ఓటు 1872 దాకా రాలేదు. ఎవరు ఎవరికి వేశారో పోల్ బుక్కుల్లో అచ్చు వేసి అమ్మేవాళ్ళు. కౌలుదారు దొరకు ఎదురు ఓటు వేస్తే ఆ సంగతి సాయంత్రానికే దొర గుమాస్తాకు తెలిసిపోతుంది. కాబట్టి పోటీకి దిగేముందే రెండు వైపులా భూముల లెక్క, బలగం లెక్క చూసుకునేవాళ్ళు. ఓడిపోయేవాడు ముందే తప్పుకునేవాడు. పోటీ అంటే రోజుల తరబడి ఓటర్లకు తిండి, తాగుడు, బండ్ల బాడుగ, సత్రాల బిల్లులు. ఎస్టేటు తాకట్టుకు వెళ్ళే ఖర్చు.

కౌంటీ ఓటుకు ఏడాదికి 40 షిల్లింగుల విలువైన సొంత భూమి ఉండాలి. 1430 నాటి నిబంధన అది, 1832 దాకా కౌంటీలకు అదొక్కటే అర్హత. పట్నాల్లో ఒక్కోచోట ఒక్కో రివాజు: ఒకచోట పొయ్యి ఉన్న ప్రతి ఇంటివాడికీ ఓటు, ఒకచోట స్థానిక పన్ను కట్టినవాడికే, ఇంకోచోట ఫలానా పాత ఇళ్ళ స్థలాల హక్కుదారుకే, మరోచోట పట్నపు ఫ్రీమన్‌కే, అంటే పట్నం తన సభ్యుడిగా చేర్చుకున్నవాడికే. ఈ ముక్క తెలియకుండా సభ్యుడి పేజీకి వెళితే, ఫలానా దొర "ఇంటరెస్ట్" మీద గెలిచాడన్న మాట అర్థం కాదు. ఓటు ఎవరి చేతిలో ఉందో తెలిస్తే, ఆ చెయ్యి ఎవరి గుప్పిట్లో ఉందో తెలుస్తుంది. ఇంటరెస్ట్ అంటే ఆ గుప్పిటే.

బిషప్స్ కాజిల్ పేజీ కూడా పక్కనే తెరుచుకోండి. 1763లో రాబర్ట్ క్లైవ్ వాల్‌కాట్ ఎస్టేటు కొన్నాడు. ఎస్టేటుతో పాటు ఈ చిన్న పట్నం మీద పట్టు కూడా చేతికొచ్చింది. ఆ తరవాత వరసగా చూడండి: 1763 నుంచి బంధువు జార్జ్ క్లైవ్, 1779 నుంచి 1820 దాకా మరో బంధువు విలియం క్లైవ్. బెంగాల్ డబ్బు పొలంగా మారి, పొలం పార్లమెంటు సీటుగా మారిన తీరు ఈ ఒక్క పేజీలో కనిపిస్తుంది. వ్యాఖ్యానం కూడా అక్కర్లేదు, పేర్ల వరసే చెబుతుంది. సైటు మొత్తంలో దీనికంటే విలువైన భాగం లేదు.

ఇప్పుడు ఎడ్వర్డ్ పేజీకి రండి. పైన పేరు, పుట్టిన, చనిపోయిన ఏళ్ళు, ఊరు. ఊరి పక్కన "సాలప్" అని ఉంటే కంగారు పడొద్దు, ష్రాప్‌షైర్‌కి పొట్టిపేరు. తరవాత కుటుంబం, చదువు అన్న గడి. అంతా పొడి అక్షరాలు: "బి" అంటే పుట్టిన తేదీ, "ఫస్ట్ ఎస్" అంటే పెద్దకొడుకు, "డిఎ" అంటే కూతురు, "డిఎ అండ్ హెచ్" అంటే వారసురాలైన కూతురు, "ఎమ్" అంటే పెళ్ళి, "సక్. ఎఫ్ఎ" అంటే తండ్రి తదనంతరం బిరుదుకో ఆస్తికో వచ్చిన తేదీ. ఈ "సక్" తేదీని, సభ్యత్వం మొదలైన తేదీని పక్కపక్కన పెట్టి చూడటం అలవాటు చేసుకోవాలి. ఎడ్వర్డ్ పుట్టింది 1754 మార్చి 7న. లడ్లోలో గెలిచింది 1774 అక్టోబరులో జరిగిన సాధారణ ఎన్నికల్లో. అంటే 20 ఏళ్ళు. చట్టం 21 నిండాలంటుంది. మైనరు సభ్యుడు! అప్పట్లో ఎవరూ ఫిర్యాదు చేయకపోతే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. చార్ల్స్ జేమ్స్ ఫాక్స్ 1768లో 19 ఏళ్ళకే గెలిచి కూర్చున్నాడు. ఎడ్వర్డ్ గెలిచిన నెల రోజులకే తండ్రి పోయాడు. మరుసటి ఏడాది, 21 నిండిన ఏడాదే, ష్రాప్‌షైర్‌కి లార్డ్ లెఫ్టినెంటు అయ్యాడు. కౌంటీ మిలీషియా ఈ పదవి కిందే ఉంటుంది, ఎవరు మేజిస్ట్రేటు కావాలన్న విషయంలో ఆయన మాటకు బరువుంటుంది. సభలో ఎన్నిసార్లు మాట్లాడాడన్నదాని కంటే పదవుల గడిలోని ఈ ఒక్క పంక్తి అతని బలం గురించి ఎక్కువ చెబుతుంది. కొత్తవాళ్ళు పదవుల గడి దాటేసి కింద వ్యాసంలోకి దూకుతారు. దూకొద్దు.

ఈ కాలపు సభ్యుల పేజీల్లో, మాట్లాడినట్టు రికార్డు లేదన్న మాట మాటిమాటికీ కనిపిస్తుంది. అది చూసి "ఉత్త డమ్మీ" అని రాసేయకూడదు. సభలో జరిగింది పత్రికల్లో వేయడం 1771 దాకా నేరంగానే చూశారు. ఏ సభ్యుడు ఏ వైపు ఓటు వేశాడన్న అధికారిక జాబితాలు 1836 నుంచే మొదలయ్యాయి. అంతకుముందు ఉన్నవి ఎవరో రాసుకున్న చిట్టాలు, పత్రికలకు చేరిన జాబితాలు. రికార్డు లేకపోవడం వేరు, మాట్లాడకపోవడం వేరు.

ఇక అసలు చిక్కు: లార్డులు.

మద్రాసుకు వరసగా వచ్చిన ముగ్గురు గవర్నర్లను తీసుకోండి. లార్డ్ హోబార్ట్ 1794 నుంచి 1798 దాకా, మధ్యలో కొన్ని నెలలు జనరల్ హ్యారిస్ తాత్కాలికంగా, తరవాత లార్డ్ క్లైవ్ 1803 దాకా, ఆపైన 1807 దాకా లార్డ్ విలియం బెంటింక్. ముగ్గురూ లార్డులే, ముగ్గురూ దిగువసభలో కూర్చున్నవాళ్ళే. లార్డయితే పైసభలో ఉండాలి కదా అని అడిగేవాళ్ళకు ఒక్కొక్కరి దగ్గర ఒక్కో జవాబు. హోబార్ట్ ఒక ఎర్ల్‌కు పెద్దకొడుకు. తండ్రి బతికి ఉండగా లార్డ్ అనిపించుకోవడం మర్యాదకే, చట్టం దృష్టిలో మామూలు మనిషి. అందుకే లింకన్ నుంచి సభ్యుడు. ఇంకో తమాషా ఏమిటంటే 1794 సెప్టెంబరు నుంచి మద్రాసులో గవర్నరుగిరీ చేస్తూ కూడా 1796 దాకా లింకన్ సభ్యుడుగానే ఉన్నాడు. బెంటింక్ డ్యూకుకు రెండో కొడుకు, కాబట్టి పేరు ముందు లార్డ్, కానీ బిరుదు లేదు. 1796లో 21 ఏళ్ళకే సభకొచ్చి, మద్రాసు పదవి వచ్చేదాకా నాటింగ్‌హామ్‌షైర్ సభ్యుడు. వెల్లూరు సిపాయిల తిరుగుబాటు 1806లో జరిగాక వెనక్కి పిలిపించింది ఈయన్నే.

క్లైవ్ సంగతి వేరు. ఆయన నిజమైన లార్డే, కానీ ఐర్లండు లార్డు. ప్లాసీ తరవాత తండ్రికి ఇచ్చినది ఐరిష్ పీరేజీ, అంటే ఐర్లండు ప్రభువుల బిరుదు. ఐర్లండు బిరుదుతో వెస్ట్‌మినిస్టర్ పైసభలో చోటు దొరకదు, బ్రిటిష్ నియోజకవర్గం నుంచి దిగువసభకు నిలబడటానికి అడ్డూ లేదు. సైటులో ఈ సంగతి బిరుదు పక్కన పలక బ్రాకెట్టులో ఒకే ఒక "ఐ" అక్షరంతో చెప్పి వదిలేస్తారు. ఆ అక్షరం చూడకపోతే 1774-94 మధ్య ఏం జరిగిందో అర్థం కాదు. 1794లో బ్రిటిష్ పీరేజీ ఇచ్చి బేరన్ క్లైవ్ ఆఫ్ వాల్‌కాట్‌ను చేశారు, ఆ రోజుతో లడ్లో సీటు పోయింది. ఆ కాలపు గవర్నర్ జనరల్ వెల్లెస్లీ కూడా ఐరిష్ ఎర్ల్‌గా ఉంటూ దిగువసభలో కూర్చున్నవాడే. చివరగా 1796-97లో ఆయన సీటు ఓల్డ్ సేరమ్, ఊరంటూ మిగలని ఊరు. మన టిప్పు యుద్ధం నడిపిన పెద్దమనిషి ఖాళీ పొలాలకు ప్రతినిధి అన్నమాట.

బెంటింక్‌ను వెతికేటప్పుడు "బి" కింద దొరక్కపోతే "సి" కింద కావెండిష్ దగ్గర చూడండి. ఇంటిపేరు కావెండిష్ బెంటింక్. సైటు మనుషుల్ని ఇంటిపేరుతో పెడుతుంది, బిరుదుతో కాదు. "ఎర్ల్ ఆఫ్ ఫలానా" అని కొడితే కొన్నిసార్లు వస్తుంది, కొన్నిసార్లు చేతులెత్తేస్తుంది.

క్లైవ్‌ల దగ్గర ఇంకో గొయ్యి ఉంది. లడ్లోకు 1774 నుంచి 1794 దాకా ఎడ్వర్డ్ క్లైవ్, 1806 నుంచి 1839 దాకా మళ్ళీ ఎడ్వర్డ్ క్లైవ్. రెండోవాడు కొడుకు. 1807లో ఇంటిపేరు హెర్బర్ట్‌గా మార్చుకున్నాడు, అయినా సభలో పిలుపు వైకౌంట్ క్లైవే. ఈ కొడుకు 1848లో వేటలో తన సొంత కొడుకు తుపాకీ పొరపాటున పేలి చనిపోయాడు. అది చదివి "మద్రాసు గవర్నరు వేటలో చనిపోయాడు" అని రాస్తే అభాసుపాలు. గవర్నరు 1839లో 85వ ఏట పోయాడు. ఎనభై ఏళ్ళ వయసులోనూ పొద్దున్నే ఆరింటికి చొక్కా చేతులు మడిచి తోటలో తవ్వుకునేవాడని పేరు. పుట్టిన ఏడు, పోయిన ఏడు జత చూడకుండా ఏ పేజీనీ నమ్మొద్దు.

పైగా ఒకే మనిషికి రెండు పేజీలు ఉంటాయి. సెట్లు వేరువేరు కాలాల్లో, వేరువేరు సంపాదకుల కింద తయారయ్యాయి: 1754-90 సెట్టు 1964లో అచ్చయింది, 1715-54ది 1970లో, 1790-1820ది 1986లో, 1820-32ది 2009లో. గవర్నరు క్లైవ్ 1774 నుంచి 1794 దాకా ఉన్నాడు కాబట్టి రెండు సెట్లలో రెండు వ్యాసాలు. ఒకటి చదివి అయిపోయిందనుకుంటే సగం పోతుంది. నాణ్యత కూడా ఒకటి కాదు. 1964 సెట్టు పొదుపుగా, పొడిగా ఉంటుంది. వీళ్ళకి రాజకీయమంటే బంధుత్వం, పదవులు, పట్టు, అంతే. మనిషి నమ్మిందేమిటన్నది దాదాపు పట్టదు. ఓటర్లు, పత్రికలు, ఊరి తగాదాలు కాస్త విపులంగా కావాలంటే 1820-32 సెట్టే మెరుగు. మనకు కావాల్సిన మనుషులు ఎక్కువమంది 1790-1820లో ఉంటారు. అది ఈ రెంటికీ మధ్యస్థంగా ఉంటుంది.

తేదీలతో ఒక జాగ్రత్త. 1752 కంటే ముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే జనవరి, ఫిబ్రవరి తేదీలకు పాత కాగితాల్లో ఒక ఏడు తక్కువ కనిపిస్తుంది. 1752 సెప్టెంబరులో 11 రోజులు ఎగరగొట్టారు. రాబర్ట్ తరం మీద పనిచేసేవాళ్ళకి ఇది తగులుతుంది, ఎడ్వర్డ్ తరానికి బెడద లేదు. మన వైపు కాగితాలకొస్తే ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంది. జమాబందీ చూసినవాళ్ళకి కొత్తేమీ కాదు: ఇంగ్లీషు ఏడాదిలోంచి 590 తీసేస్తే ఫసలీ. 1802 జులై నుంచి 1803 జూన్ దాకా ఫసలీ 1212. డబ్బు విషయంలో పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, గినీ అంటే 21 షిల్లింగులు. మద్రాసు లెక్కలన్నీ స్టార్ పగోడాలనే బంగారు నాణేల్లో. 1818లో రూపాయి లెక్కకు మారినప్పుడు పగోడాకు మూడున్నర రూపాయలు కట్టారు. పౌన్లను ఇప్పటి రూపాయల్లోకి మార్చి చూపించే లెక్కలు జోలికి పోవద్దు. ఆ కాలపు కూలీతోనో, మరో ఎస్టేటు ఆదాయంతోనో పోల్చడం మేలు. చట్టంలోనే ఒక కొలత ఉంది: 1711 నుంచి కౌంటీ సభ్యుడికి ఏడాదికి 600 పౌన్లు, పట్నం సభ్యుడికి 300 పౌన్లు భూమి మీద రాబడి ఉండాలి. ఎవరి పేజీలోనైనా ఎస్టేటు రాబడి కనిపిస్తే ఈ రెండు అంకెల పక్కన పెట్టి చూడండి, మనిషి ఏ స్థాయివాడో తేలిపోతుంది.

సైటు ఎక్కడ చేతులెత్తేస్తుందో కూడా చెప్పాలి. ఈ సెట్ల చూపు దిగువసభ వరకే. క్లైవ్ 1794లో పీరయ్యాడు, 1798లో ఓడెక్కాడు. మనకు కావాల్సిన కథ మొదలయ్యేసరికి వాళ్ళ కథ అయిపోతుంది. టిప్పు 1799 మే 4న పడిపోవడం, 1800లో నిజాం దత్తమండలాన్ని ఇచ్చేయడం, 1801లో కర్ణాటక నవాబు రాజ్యాన్ని కలిపేసుకోవడం, 1802 రెగ్యులేషన్లు, ఇవన్నీ ఆ ఐదేళ్ళ గవర్నరుగిరీలోవే. దానికి వేరే చోటికి పోవాలి.

భార్య సంగతీ అంతే. లేడీ హెన్రియెట్టా హెర్బర్ట్‌తో 1784లో పెళ్ళి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు, ఒక్క పంక్తిలో అయిపోయింది. ఆ పంక్తిలోనే ఆ ఇంటి భవిష్యత్తు అంతా ఉంది. ఆమె అన్న రెండో ఎర్ల్ ఆఫ్ పౌవిస్ పెళ్ళి లేకుండా 1801లో పోయాడు. పౌవిస్ ఎస్టేటు మేనల్లుడికి, అంటే క్లైవ్ కొడుకుకు దక్కింది. ఇంటిపేరు మార్పు దానికోసమే. 1804లో పాత బిరుదును కొత్తగా సృష్టించి తండ్రికి, అంటే మన గవర్నరుకు, ఇచ్చారు. ఇక ఆమె 1800లో కూతుళ్ళతో కలిసి మద్రాసు నుంచి మైసూరు, తంజావూరు మీదుగా పెద్ద ప్రయాణం చేసింది. దాని జాడ ఇలాంటి సభ్యుల పేజీల్లో వెతకడం దండగ. అసలు సభ్యత్వంతో సంబంధం లేని కౌలుదార్లు, గుమాస్తాలు, ఆడవాళ్ళు ఈ సైటుకు అంచుల్లో కూడా ఉండరు. భూస్వామి రాజకీయం గురించి ఇంత చెప్పేవాళ్ళు ఆ భూమి దున్నినవాళ్ళ గురించి ఇంత తక్కువ చెప్పడం పెద్ద లోటే.

వారసత్వం దగ్గర కాస్త ఆగి చూస్తే మన వైపు సంగతి బాగా అర్థమవుతుంది. ఇంగ్లీషు పెద్ద ఎస్టేట్లు స్ట్రిక్ట్ సెటిల్‌మెంటు అనే దస్తావేజుతో కట్టేసి ఉండేవి. ఇప్పుడు అనుభవిస్తున్నవాడికి బతికున్నంత కాలమే హక్కు, అమ్మడానికి లేదు, తరవాత ఎవరికి పోవాలో ముందే రాసి ఉంటుంది. పౌవిస్ ఎస్టేటు ముక్క కాకుండా మేనల్లుడికి పోయింది. అదే క్లైవ్ ప్రభుత్వం ఇక్కడ ఇచ్చిన సనదు (జమీందారీ హక్కు పత్రం) ప్రకారం పేష్కష్ బకాయి పడితే ఎస్టేటు అమ్మేయొచ్చు. అమరావతి కట్టించిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1816లో పోయాక ఇద్దరు దత్తపుత్రుల మధ్య దావా నడిచింది, ఎస్టేటు చివరకు సర్కారు చేతికి పోయింది. హవేలీ భూములనైతే (జమీందారు లేకుండా నేరుగా సర్కారు చేతిలో ఉన్నవి) ఏడాదికి 1,000 నుంచి 5,000 పగోడాల శిస్తు వచ్చే ముఠాలుగా కోసి వేలం పాడించారు. పేరు మాత్రం రెండు చోట్లా భూస్వామ్యమే. ఇంకో సామ్యం కూడా ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. పిట్ ప్రభుత్వం ఇంగ్లండులో భూమి పన్నును పౌనుకు 4 షిల్లింగుల దగ్గర శాశ్వతంగా నిలిపేసింది 1798లో. క్లైవ్ మద్రాసులో దిగింది ఆ ఏడాదే. అక్కడి దొరకు డబ్బు కట్టేసి ఆ పన్నును పూర్తిగా వదిలించుకునే వీలు కూడా ఇచ్చారు. ఇక్కడి జమీందారుకు ఆ వీలు లేదు.

మరి మద్రాసు భాగానికి ఎక్కడికి పోవాలి? 1812లో పార్లమెంటు కమిటీ ఇచ్చిన ఫిఫ్త్ రిపోర్టు మొదటిది. ఉత్తర సర్కారుల మీద 1784లో రాసిన పెద్ద సర్వే దాని అనుబంధాల్లో ఉంది. రెండోది 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్. గుంటూరు పేరు లేదు కదా అని పక్కన పెట్టొద్దు. 1859 నుంచి 1904 దాకా గుంటూరు కృష్ణాలోనే కలిసి ఉంది, జమీందారీల కుటుంబాల వారీ వివరం అందులోనే ఉంది. రెండూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్లుగా దొరుకుతాయి. వాటిలో వెతికేటప్పుడు ఇప్పటి స్పెల్లింగుతో కొడితే ఏమీ రాదు. గుంటూరుకు రెండో భాగంలో జంట "ఓ"లు పెట్టాలి, ముర్తజానగర్ అనీ, కొండవీర్ అనీ కూడా చూడాలి. గుంటూరు సర్కారుకు ఆ పేర్లు ఉండేవి. ఇంకా లోతుకు పోవాలంటే బోర్డ్ ఆఫ్ రెవిన్యూ ప్రొసీడింగ్స్, అవి చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పినాకినీ ఎక్కి పోవాల్సిందే, ఫోనులో అయ్యే పని కాదు.

వ్యాసాల కింద ఎండ్ నోట్సులో "ఎడిడి" అని ఒక అంకె కనిపిస్తే అది బ్రిటిష్ లైబ్రరీలోని ఎడిషనల్ మాన్యుస్క్రిప్ట్స్. 32 వేల చివర, 33 వేల మొదట్లో ఉన్న అంకెలు చాలావరకు డ్యూక్ ఆఫ్ న్యూకాజిల్ కాగితాలు. క్లైవ్‌ల ఇంటి కాగితాలు పెద్ద భాగం వేల్స్ నేషనల్ లైబ్రరీలో ఉన్నాయి. నోటు ఏ సంచిలోంచి వచ్చిందో తెలిస్తే దాని పక్షపాతం తెలుస్తుంది. ఎన్నికల మేనేజరు చిట్టాలోంచి చూస్తే ప్రతి సభ్యుడూ కొనదగ్గ సరుకులాగే కనిపిస్తాడు.

ఫోనులో బ్రౌజరు అనువాదం పెట్టుకుని చదవడం మాత్రం వద్దు. ఎన్నికైనవాణ్ణి "తిరిగొచ్చాడు" అంటుంది, పట్టున్నవాణ్ణి వడ్డీ వ్యాపారిని చేస్తుంది. పొడి అక్షరాల జాబితా ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకుంటే పది పేజీలయ్యేసరికి దాని అవసరం తీరిపోతుంది. బ్రాడీపేటలోనో, గవర్నరుపేటలోనో జిరాక్సు షాపుకెళ్ళి ప్రింటు తీయిస్తుంటే ఎండ్ నోట్సు కూడా వచ్చాయో లేదో అక్కడే చూసుకోండి. పై వ్యాసం వరకే సెలెక్ట్ చేసి పంపితే అవి రావు, అవి లేని ప్రింటు పరిశోధనకు పనికిరాదు.

మార్కులు వేయాలంటే నియోజకవర్గాల పేజీలకు ఐదుకు ఐదు. సభ్యుల పేజీలకు, సెట్టును బట్టి, మూడున్నర నుంచి నాలుగున్నర. వెతుకులాటకు రెండున్నర. భారతదేశంతో పని పడిన భూస్వామి పూర్తి జీవితం కావాలనుకునేవాళ్ళకి మూడు, అంతకు మించి వేయడం కుదరదు. నాగార్జున యూనివర్సిటీలో థీసిస్ రాసేవాళ్ళు, ఊరి చరిత్రలు రాసేవాళ్ళు దీన్ని ఉదహరించేటప్పుడు సైటు పేరొక్కటే రాస్తే చాలదు. సెట్టు ఏళ్ళు, వ్యాసం కింద ఉండే రచయిత పేరు రెండూ రాయాలి, ఎందుకంటే 1964లో రాసిన క్లైవూ, 1986లో రాసిన క్లైవూ ఒకే చెయ్యి రాసినవి కావు.